కెమెరాకు వేరే కంపెనీ బ్యాటరీ కొంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

షవ్వాల్ నెల మొదలైందంటే హైదరాబాద్‌లో ఫంక్షన్ హాళ్లు ఖాళీగా ఉండవు. సాంచక్, మెహందీ, నిఖా, వలీమా అంటూ ఫొటోగ్రాఫర్లకు చేతినిండా పని. కార్డు మీద రాత్రి 8 గంటలని ఉన్నా దుల్హా వచ్చేసరికి 10 దాటుతుంది. దస్తర్‌ఖాన్ ఎత్తేసరికి ఒంటిగంటో రెండో అవుతుంది. అన్ని గంటలు ఒకే బ్యాటరీతో ఏ కెమెరా నడవదు. బ్యాగులో రెండోది ఉండాలి, వీడియో కూడా తీసేవాళ్లకు మూడోది, నాలుగోది కూడా ఉండాలి. సరిగ్గా "ఖుబూల్ హై" అనే సమయానికి స్క్రీన్ మీద ఎర్ర బ్యాటరీ గుర్తు వచ్చి కెమెరా ఆగిపోతే, ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పించమని ఖాజీ సాబ్‌ను అడగలేరు కదా.

కోఠి బ్యాంక్ స్ట్రీట్‌లో కెమెరా షాపుకు వెళ్లి బ్యాటరీ అడిగితే కౌంటర్ అవతల నుంచి ముందుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "కంపెనీది ఇవ్వనా భాయ్, కంపాటిబుల్ ఇవ్వనా?" రెండింటి ధరకూ మధ్య మూడు, నాలుగు రెట్ల తేడా ఉండటం మామూలే. కొత్తగా పనిలోకి దిగిన కుర్రాళ్లు, అప్పటికే కెమెరాకు, లెన్స్‌కు ఈఎంఐలు కడుతున్నవాళ్లు సహజంగానే రెండోదాని వైపు చూస్తారు. "లోపల మాల్ అంతా సేమ్" అనే భరోసా కూడా దొరుకుతుంది.

లోపల మాల్ సేమ్ కాదు. అలాగని వేరే కంపెనీ బ్యాటరీలన్నీ చెత్త అనుకోవడం కూడా తప్పే. ఏది ఎవరికి, ఎక్కడ పనికొస్తుందో తెలిస్తే పైసలు మిగులుతాయి, పని చెడదు.

లోకల్ వేరు, నకిలీ వేరు

బజారులో దొరికే కెమెరా బ్యాటరీలు మూడు రకాలు. కెనాన్, నికాన్, సోనీ లాంటి కెమెరా కంపెనీలు తమ పేరుతో అమ్మేవి ఒరిజినల్. డిజిటెక్, నీవర్, స్మాల్‌రిగ్ లాంటి కంపెనీలు అదే సైజులో తయారు చేయించి సొంత పేరుతో అమ్మేవి రెండో రకం. వీటినే కంపాటిబుల్ అంటారు, వాడుకలో లోకల్ అనేస్తారు. ఇవి చట్టప్రకారం అమ్ముకునే సరుకే. బాగుంటే పేరు, బాగోలేకపోతే నష్టం ఆ కంపెనీదే.

మూడోది అసలైన ప్రమాదం. కెమెరా కంపెనీ పేరు, హోలోగ్రాం, డబ్బా అన్నీ కాపీ కొట్టి ఒరిజినల్ అని అమ్మే నకిలీ సరుకు. లోపల ఏ సెల్ వేశారో, రక్షణ సర్క్యూట్ ఉందో లేదో తెలియదు. ఏదైనా అయితే అడగడానికి ఎవరూ ఉండరు. "ఒరిజినలే, కానీ సగం ధరకు" అని ఎవరైనా అంటే అది ఈ రకమే అయ్యే అవకాశం ఎక్కువ. సగం ధర పెట్టి నకిలీ కొనడం కంటే పావు ధరకు పేరున్న కంపాటిబుల్ కొనడం ఎప్పుడైనా మేలు. ఈ రెండింటికీ తేడా తెలియకపోవడం వల్లే చాలామంది మోసపోతున్నారు.

ఒరిజినల్ అయితే అసలు సమస్యే రాదా అంటే అదీ లేదు. 2012లో నికాన్ తన డీ7000, డీ800 కెమెరాలతో ఇచ్చిన ఈఎన్-ఈఎల్15 బ్యాటరీల్లో కొన్ని లాట్లను వెనక్కి తీసుకుంది. లోపల షార్ట్ సర్క్యూట్ అయి వేడెక్కి ఆకారం మారే అవకాశం ఉందని తేలడంతో ఉచితంగా మార్చి ఇచ్చింది. ఇక్కడ తేడా ఒకటే, లాట్ నంబర్ చూసి ఫలానా బ్యాటరీ మార్చాలని చెప్పడానికి ఒక కంపెనీ ఉంది.

స్టిక్కర్ మీద అంకెలు

డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్ కెమెరాల బ్యాటరీల్లో ఎక్కువ శాతం లోపల రెండు లిథియం అయాన్ సెల్స్ ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. ఒక్కో సెల్ 3.6 వోల్టులు, రెండూ కలిసి 7.2. పూర్తిగా ఛార్జ్ అయినప్పుడు 8.4 దాకా వెళ్తుంది. ఎంఏహెచ్ అనేది అందులో ఎంత కరెంటు పడుతుందో చెప్పే అంకె. అమ్మేవాళ్లంతా దాన్నే పెద్ద అక్షరాల్లో వేస్తారు. కొనేవాళ్లూ దాన్నే చూస్తారు. మోసం జరిగేదీ అక్కడే.

ఒక లెక్క చూడండి. కెనాన్ 2008లో 5డీ మార్క్ 2తో ఎల్‌పీ-ఈ6 బ్యాటరీ తెచ్చింది. అది 1800 ఎంఏహెచ్. 2014లో అదే సైజులో ఎల్‌పీ-ఈ6ఎన్ వచ్చింది, 1865. 2020లో ఆర్5తో ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్ వచ్చింది, 2130. అంటే ఆ డబ్బాలో 330 ఎంఏహెచ్ పెంచడానికి కెనాన్‌కు 12 ఏళ్లు పట్టింది. నికాన్‌దీ ఇంచుమించు అదే కథ. 2010 నాటి ఈఎన్-ఈఎల్15 1900 ఎంఏహెచ్, 2020 నాటి ఈఎన్-ఈఎల్15సీ 2280. పదేళ్లలో 20 శాతం.

ఇప్పుడు అదే సైజులో, నాలుగో వంతు ధరకు, 3000 ఎంఏహెచ్ అని రాసి ఉన్న బ్యాటరీ చేతికొచ్చిందనుకోండి. పెద్ద కంపెనీలు ఏళ్ల తరబడి చేయలేనిది ఈ స్టిక్కర్ అంటించినవాడు చేశాడని నమ్మాలా? ఒరిజినల్ అంకెకు కొంచెం అటూ ఇటూ ఉంటే సరే. చాలా ఎక్కువ ఉందంటే అది నాణ్యతకు గుర్తు కాదు, ఆ స్టిక్కర్ మీద మిగతా మాటలు కూడా నమ్మొద్దని గుర్తు.

ఇంకో చిన్న తనిఖీ షాపులో నిలబడే చేయొచ్చు. వోల్టులను ఎంఏహెచ్‌తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్-అవర్ వస్తుంది. సోనీ ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 తీసుకుంటే 7.2 ఇంటూ 2280, వెయ్యితో భాగిస్తే 16.4. సోనీ స్టిక్కర్ మీద కూడా 16.4 అనే ఉంటుంది. పాత ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50 అయితే 7.2 ఇంటూ 1020, అంటే 7.3. లోకల్ బ్యాటరీ మీద ఈ మూడు అంకెలూ ఒకదానికొకటి దగ్గరలో కూడా లేకపోతే ఆ స్టిక్కర్ రాసినవాడు లెక్క కూడా చూసుకోలేదన్నమాట. మొబైల్‌లో కాలిక్యులేటర్ తీసి అర నిమిషంలో తేల్చుకోవచ్చు.

అసలు పేచీ చిప్‌తోనే

కెమెరా బ్యాటరీ కొసన రెండు కాదు, మూడో నాలుగో లోహపు పట్టీలు కనిపిస్తాయి. రెండు కరెంటుకు. మిగతావి వేడి ఎంతుందో, ఛార్జ్ ఎంతుందో కెమెరాకు చెప్పడానికి. లోపల చిన్న చిప్ ఉంటుంది. "నేను ఫలానా బ్యాటరీని, నాలో ఇంత శాతం ఉంది" అని అది కెమెరాతో మాట్లాడుతుంది. వేరే కంపెనీవాళ్లు ఈ భాషను పసిగట్టి తమ చిప్‌లో రాసుకుంటారు. అలా సరిగ్గా రాసినదాన్ని షాపుల్లో డీకోడెడ్ అంటారు. డీకోడ్ కాని బ్యాటరీ పెడితే కెమెరా నడిచినా శాతం చూపించదు, లేదా బ్యాటరీతో కమ్యూనికేషన్ లేదని మెసేజ్ వస్తుంది. ఒరిజినల్ ఛార్జర్‌లో ఛార్జ్ కూడా కాకపోవచ్చు. వీటితోపాటు వేరే ఛార్జర్ కలిపి అమ్మేది అందుకే.

నికాన్ వాడేవాళ్లలో పాతకాపులకు 2013 సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది చివర్లో డీ3100, డీ3200, డీ5100, డీ5200 కెమెరాలకు కొత్త ఫర్మ్‌వేర్ వచ్చింది. అప్‌డేట్ చేసుకున్నాక అప్పటిదాకా బాగా నడిచిన వేరే కంపెనీ బ్యాటరీలను కెమెరా గుర్తించడం మానేసింది. నిన్న రాత్రి పనిచేసిన బ్యాటరీ ఈ రోజు పొద్దున పనికిరాకుండా పోయింది. లోకల్ బ్యాటరీలు వాడేవాళ్లు ఫంక్షన్ ముందు రోజు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ జోలికి పోకూడదు. చేయాలనుకుంటే చేతిలో వారం ఖాళీ ఉన్నప్పుడు చేసుకోవాలి, చేసిన వెంటనే ఉన్న బ్యాటరీలన్నీ ఒక్కొక్కటిగా పెట్టి చూసుకోవాలి.

ఒకే సైజు అయితే అన్నీ ఒకటే అనుకోవడం కూడా కుదరదు. 2024లో వచ్చిన కెనాన్ ఆర్5 మార్క్ 2కు ఎల్‌పీ-ఈ6పీ అనే కొత్త బ్యాటరీ ఉంది. పాత ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్ అందులో పడుతుంది, పనిచేస్తుంది, కానీ కొన్ని ఫంక్షన్లు ఆగిపోతాయి. అది కెనాన్ సొంత బ్యాటరీయే అయినా అంతే. అలాగే నికాన్ జెడ్ కెమెరాల్లో యూఎస్‌బీ కేబుల్ పెట్టి నేరుగా ఛార్జ్ చేయాలంటే ఈఎన్-ఈఎల్15బీ లేదా సీ ఉండాలి, వెనకటి రకాలతో కాదు. కాబట్టి షాపులో "కెనాన్ బ్యాటరీ" అనో "నికాన్ బ్యాటరీ" అనో అడగొద్దు. కెమెరా మోడల్, పాత బ్యాటరీ మీద ఉన్న పూర్తి పేరు, చివరి అక్షరంతో సహా చెప్పి అడగాలి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుని వెళ్తే ఇంకా మంచిది.

ఖర్చు లెక్క ఎలా వేయాలి

ధర చూసి నిర్ణయం తీసుకోవడం ఒక పద్ధతి, ఒక్కో ఫంక్షన్‌కు ఎంత పడుతుందో చూడటం ఇంకో పద్ధతి. రెండో పద్ధతిలో చూస్తే బొమ్మ కాస్త మారుతుంది.

ఉదాహరణకు ఒరిజినల్ 6,000 రూపాయలు, కంపాటిబుల్ 1,500 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 60 ఫంక్షన్లు చేసే ఫొటోగ్రాఫర్ అనుకుందాం. ఒరిజినల్ నాలుగేళ్లు బాగా పనిచేస్తే 240 ఫంక్షన్లు, అంటే ఒక్కోదానికి 25 రూపాయలు. కంపాటిబుల్ ఏడాదిన్నర పనిచేస్తే 90 ఫంక్షన్లు, ఒక్కోదానికి దాదాపు 17 రూపాయలు. తేడా 8 రూపాయలు. ఒక్క ఛార్జ్‌తో ఒరిజినల్ 100 నిమిషాల వీడియో ఇచ్చి, కంపాటిబుల్ 75 నిమిషాలే ఇస్తే నిమిషానికి ఒకటి 25 పైసలు, ఇంకోటి 22 పైసలు. ఇంత వివరంగా చూస్తే రెండూ దాదాపు ఒకటే ఖర్చు.

మరి లోకల్ బ్యాటరీ వల్ల లాభం లేదా? ఉంది. ఈ రోజు జేబులోంచి 6,000కు బదులు 1,500 పోతుంది. సీజన్ మొదట్లో, అడ్వాన్సులు ఇంకా రాకముందు, ఆ 4,500 చాలా పెద్ద మొత్తం. కానీ అది వాయిదా పడిన ఖర్చు, మిగిలిన ఖర్చు కాదు. ఈ అంకెలు ఊహించి వేసినవే. ఎవరి ధరలు, ఎవరి ఫంక్షన్లు వాళ్లు వేసుకుని చూస్తే సొంత లెక్క తేలుతుంది.

ఈ లెక్కలోకి రానిది ఒకటుంది. కెమెరా ఆగిపోయి ఒక ముఖ్యమైన ఘట్టం పోతే బ్యాలెన్స్ పేమెంట్ ఆగుతుంది, దానికి మించి పేరు పోతుంది. ఈ పని అంతా ఒకరు ఇంకొకరికి చెప్పడం మీదే నడుస్తుంది. అందుకని ప్రధాన కెమెరాలో కీలక సమయంలో ఉండేది మంచి స్థితిలో ఉన్న ఒరిజినలే కావాలి. భోజనాలు, స్టేజీ మీద వరుసగా గ్రూపు ఫొటోలు, డెకరేషన్ షాట్లు, వీటికి కంపాటిబుల్ వాడితే ఏ నష్టమూ లేదు. బ్యాటరీ అయిపోతే రెండు నిమిషాల్లో మార్చుకోవచ్చు.

ఏడాదికి నాలుగుసార్లు, ఈద్‌కో పిల్లల పుట్టినరోజుకో కెమెరా తీసే ఇళ్లలో ఇంత ఆలోచన అక్కర్లేదు. కెమెరాతో వచ్చిన ఒరిజినల్‌కు తోడు పేరున్న కంపాటిబుల్ ఒకటి చాలు.

షాపులో చూడాల్సినవి

భారత్‌లో అమ్మే రీఛార్జబుల్ బ్యాటరీలకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఐఎస్ 16046 అనే ప్రమాణం, దాని కింద ఆర్ అనే అక్షరంతో మొదలయ్యే నంబర్ బ్యాటరీ మీదో డబ్బా మీదో ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆర్ నంబర్ కొడితే ఏ తయారీదారు పేరు మీద ఉందో కనిపిస్తుంది. నంబర్ ఉంది కదా అని వదిలేయకుండా కొట్టి చూడటం మేలు. ఎందుకంటే ముద్ర వేసుకోవడానికి ఏ మిషన్ అయినా సరిపోతుంది.

దిగుమతి సరుకైతే డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, నెల, సంవత్సరం, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలి. లీగల్ మెట్రాలజీ నిబంధన అది. ఇవేవీ లేకుండా తెల్ల డబ్బాలోనో ప్లాస్టిక్ కవర్‌లోనో ఇచ్చే బ్యాటరీ ఎంత చవకైనా వద్దనుకోవాలి. తయారీ తేదీ కూడా చూడాలి. లిథియం బ్యాటరీ వాడకపోయినా అరల్లో కూర్చునే ముసలిదవుతుంది. రెండు మూడేళ్ల కిందటి సరుకు కొత్తదని ఇస్తే తీసుకోకూడదు.

చేతిలో పట్టుకుని బరువు చూడండి. ఒరిజినల్ కూడా వెంట తీసుకెళ్తే రెండు చేతుల్లో రెండూ పెట్టుకుని పోల్చొచ్చు. బాగా తేలిగ్గా ఉందంటే లోపల చిన్న సెల్స్ ఉన్నాయనే అనుమానించాలి. బరువు సరిపోయిందని నాణ్యత ఉన్నట్టు కాదు, కానీ తక్కువుంటే మాత్రం కచ్చితంగా ఆలోచించాలి. కెమెరాలో పెట్టి చూడండి. నొక్కి పెట్టాల్సి వచ్చినా, తీసేటప్పుడు గోటితో లాగాల్సి వచ్చినా ఆ బ్యాటరీ వద్దు. ఇప్పుడే బిగుతుగా ఉన్నది రేపు కాస్త ఉబ్బితే లోపలే ఇరుక్కుపోతుంది.

బిల్లు తీసుకోవాలి. "బిల్లు లేకపోతే ఇంకో వంద తగ్గిస్తా" అనే బేరం చాలాచోట్ల నడుస్తుంది. ఆ వంద కోసం వారంటీ వదులుకున్నట్టే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న స్టూడియోలైతే తమ నంబర్ బిల్లు మీద వేయించుకుంటే కట్టిన 18 శాతం పన్ను క్రెడిట్‌గా చూపించుకోవచ్చు. అప్పుడు ఆ వంద తగ్గింపు అసలు లాభమే కాదు. షాపువాడు మార్చనని మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. దానికీ బిల్లే ఆధారం.

వారంటీ గురించి ఇంకో మాట. వేరే కంపెనీ బ్యాటరీ వల్ల కెమెరా పాడైందని తేలితే ఆ రిపేరు కెమెరా వారంటీ కిందికి రాదని కంపెనీలు తమ షరతుల్లో రాసుకుంటాయి. కొత్త కెమెరా కొన్నవాళ్లు వారంటీ కార్డు ఒకసారి చదువుకోవాలి.

ఇంట్లో పరీక్ష

ఏ రివ్యూ చదివినా, ఎవరు చెప్పినా, చేతిలో ఉన్న ఆ ఒక్క బ్యాటరీ ఎలాంటిదో చెప్పదు. కంపాటిబుల్ బ్యాటరీల్లో ఒకే బ్రాండులో కూడా లాటుకు లాటుకు తేడా ఉంటుంది. అందుకే కొన్న వెంటనే, వాపసు గడువు దాటకముందే ఇంట్లో పరీక్ష పెట్టాలి. ఖర్చేమీ లేదు, ఒక మధ్యాహ్నం పడుతుంది.

ముందు ఒరిజినల్‌ను పూర్తిగా ఛార్జ్ చేసి కెమెరాలో పెట్టి, ఆటో పవర్ ఆఫ్ తీసేసి, ఫ్యాన్ కింద ట్రైపాడ్ మీద ఉంచి వీడియో రికార్డింగ్ మొదలుపెట్టండి. చాలా పాత కెమెరాలు 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ ఆపేస్తాయి. వెంటనే మళ్లీ నొక్కాలి. బ్యాటరీ అయిపోయి కెమెరా ఆగేదాకా మొత్తం ఎన్ని నిమిషాలో రాసుకోండి. తర్వాత కొత్తదాన్ని అదే లెన్స్, అదే కార్డు, అదే సెట్టింగ్స్‌తో అలాగే నడపండి. 4కేలో తీస్తే కొన్ని కెమెరాలు బ్యాటరీ వల్ల కాకుండా వేడి వల్లే ఆగిపోతాయి, కాబట్టి ఫుల్ హెచ్‌డీ చాలు.

ఒరిజినల్ ఇచ్చిన నిమిషాల్లో 80 శాతం వస్తే ఉంచేసుకోవచ్చు. 60 శాతం కూడా రాకపోతే వాపసు ఇచ్చేయండి. మధ్యలో ఉంటే మీ బేరం మీద ఆధారపడి ఉంటుంది. ఒరిజినల్ నాలుగైదేళ్ల పాతదైతే దాని సత్తువ ముందే తగ్గి ఉంటుంది, ఆ సంగతి గుర్తుంచుకుని పోల్చాలి. కెనాన్ పెద్ద మోడళ్లలో బ్యాటరీ ఇన్ఫో మెనూలో, నికాన్‌లో బ్యాటరీ ఏజ్ దగ్గర అది ఎంత అరిగిందో కనిపిస్తుంది.

నిమిషాల కంటే ముఖ్యంగా చూడాల్సింది ఆ శాతం ఎలా దిగుతోందన్నది. 100 నుంచి 90, 80 అంటూ మెల్లగా దిగాలి. 55 దగ్గర చాలాసేపు కదలకుండా ఉండి ఒక్కసారిగా 8కి పడిపోయిందంటే చిప్ అబద్ధం చెబుతోందన్నమాట. నిమిషాలు బాగానే ఇచ్చినా అలాంటి బ్యాటరీ ఫంక్షన్‌కు పనికిరాదు. ఎప్పుడు మార్చాలో ఫొటోగ్రాఫర్‌కు తెలియదు కాబట్టి. తక్కువ నిమిషాలిచ్చినా నిజం చెప్పే బ్యాటరీయే నయం.

ఛార్జ్ అవుతున్నప్పుడు చేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉండటం సహజం. పట్టుకోలేనంత వేడి ఉంటే తీసేసి మళ్లీ పెట్టొద్దు. మొదటి రెండు మూడు ఛార్జింగులు మనుషులు మెలకువగా ఉన్నప్పుడే, పరుపుల మీద కాకుండా బండ మీదో టైల్స్ మీదో పెట్టి చేయాలి. నిండా ఛార్జ్ చేసిన బ్యాటరీని వారం పక్కన పెట్టి మళ్లీ చూస్తే దానంతట అది ఎంత కారిపోతోందో కూడా తెలుస్తుంది.

ఈ మధ్య వస్తున్న కంపాటిబుల్ బ్యాటరీల్లో కొన్నింటికి టైప్-సీ పోర్టు బ్యాటరీ ఒంటికే ఉంటోంది. ఛార్జర్ మోయక్కర్లేదు, నిజంగానే సౌకర్యం. వీటిని పట్టుకోవడం కూడా సులువు. కొద్ది ధరకు దొరికే యూఎస్‌బీ మీటర్ మధ్యలో పెట్టి, కెమెరాలో పూర్తిగా అయిపోయిన బ్యాటరీని ఛార్జ్ చేయండి. ఛార్జింగ్‌లో కొంత వేడిగా పోతుంది కాబట్టి లోపల నిలిచేదాని కంటే మీటర్ ఎక్కువే చూపించాలి. 16 వాట్-అవర్ అని రాసి ఉన్నది 10 దగ్గరే నిండిపోయిందంటే స్టిక్కర్ అబద్ధం, అంతే.

పాత కెమెరాల సంగతి వేరు

కాలేజీ పిల్లల్లో ఇప్పుడు పాత డిజిక్యామ్‌ల మోజు నడుస్తోంది. జుమ్మేరాత్ బజార్ లాంటి సెకండ్ హ్యాండ్ సంతల్లో, ఆన్‌లైన్‌లో పాత చిన్న కెమెరాలు కొని వాడుతున్నారు. వాటిలో చాలావాటికి కంపెనీ బ్యాటరీలు తయారు చేయడం ఎప్పుడో ఆపేసింది. ఎక్కడైనా ఒరిజినల్ దొరికినా అది ఏళ్ల తరబడి అరలో పడి ఉన్నదే అవుతుంది. ఇలాంటిచోట తాజాగా తయారైన కంపాటిబులే ఒరిజినల్ కంటే మేలు. కెమెరా కొనేముందే దాని బ్యాటరీ, ఛార్జర్ దొరుకుతున్నాయో లేదో చూసుకోవాలి. లేకపోతే ముచ్చటపడి కొన్న కెమెరా షోకేసులో బొమ్మే.

పనిలో ఉన్నప్పుడు

బ్యాటరీల మీద మార్కర్‌తో నంబర్, కొన్న నెల రాసుకునే అలవాటు మంచిది. ఏది ముందు అయిపోతోందో రెండు ఫంక్షన్లలోనే తెలిసిపోతుంది. జనానా వైపు లేడీ ఫొటోగ్రాఫర్ విడిగా పనిచేసే పెళ్లిళ్లలో ఇంకో జాగ్రత్త కావాలి. మధ్యలో మర్దానా వైపు ఉన్న బ్యాగు దగ్గరికి పరిగెత్తడం, అక్కడి నుంచి ఎవరినైనా పిలవడం కుదరదు. ఆమె బ్యాగులో ఆమెవి విడిగా కనీసం రెండు పరీక్షించిన బ్యాటరీలు ఉండాలి. ఉన్నవాటిలో మంచివన్నీ మర్దానా వైపు ఉంచి, అరిగినవి అటు పంపడం చాలా టీముల్లో కనిపించే తప్పు.

గల్ఫ్‌లో ఉన్న బంధువుల కోసం నిఖాను లైవ్ ఇచ్చేవాళ్లకు అసలు బ్యాటరీ మార్చే వీలే ఉండదు. వాళ్లకు డమ్మీ బ్యాటరీ అనేది దొరుకుతుంది. బ్యాటరీ ఆకారంలో ఉండి వైరుతో కరెంటుకో పవర్ బ్యాంకుకో కలుస్తుంది. లైవ్‌కు కంపాటిబుల్ బ్యాటరీలు నాలుగు కొనే బదులు మంచి డమ్మీ ఒకటి కొనడం తెలివైన పని. ఎవరి కాలో తగిలి వైరు ఊడకుండా టేపు వేసుకుంటే చాలు.

మే నెల ఎండలో కారు డిక్కీలో బ్యాగు వదిలేస్తే ఒరిజినలైనా లోకలైనా ఆయుష్షు తరిగిపోతుంది. సీజన్ లేనప్పుడు, ముహర్రం రోజుల్లో పని తగ్గినప్పుడు, నిండా ఛార్జ్ చేసి గానీ పూర్తిగా ఖాళీ చేసి గానీ దాచకుండా సగం ఛార్జ్‌తో చల్లని చోట పెట్టాలి. ఉమ్రాకో, వేరే ఊరి పెళ్లికో విమానంలో వెళ్లేటప్పుడు విడి బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. 100 వాట్-అవర్ లోపు వాటిని తీసుకెళ్లొచ్చు, కెమెరా బ్యాటరీల్లో ఎక్కువ శాతం అందులో ఐదో వంతు కూడా ఉండవు. అయితే ఆ వాట్-అవర్ అంకె బ్యాటరీ మీద చదవగలిగేలా ఉండాలి. పట్టీలకు ప్లాస్టిక్ మూత పెట్టాలి, మూత పోతే టేపు వేయాలి. తాళంచెవులు, చిల్లరతో కలిపి జేబులో వేసుకోవడం షార్ట్ సర్క్యూట్‌ను పిలవడమే.

బ్యాటరీ ఏ కొంచెం ఉబ్బినా దాన్ని మళ్లీ ఛార్జ్ చేయొద్దు. కెమెరాలో ఇరుక్కుపోతే స్క్రూడ్రైవర్‌తో గుచ్చి తీయాలని చూడకుండా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాలి. గుచ్చితే మంటలు లేస్తాయి. అరిగిపోయిన బ్యాటరీలను చెత్తబుట్టలో వేయకూడదని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. కొట్టేసిన చెత్తబుట్ట బొమ్మ బ్యాటరీ మీద ఉండేది అందుకే. పట్టీలకు టేపు వేసి ఈ-వేస్ట్ తీసుకునే కేంద్రంలోనో, పాతవి తీసుకునే ఎలక్ట్రానిక్స్ షోరూంలోనో ఇవ్వాలి. కబాడీవాలాకు ఇస్తే అది ఇనుప సామాను కింద నలిగి ఎక్కడ అంటుకుంటుందో చెప్పలేం.